నూటికి నూరు బిజీ

8, సోమవారం

అదిగో, మళ్లీ అదే మాట. అనుమతి లేదు. పొద్దున్నుంచి ఇది పదకొండోసారి. నేనేమైనా ఖజానా తాళాలడిగానా? నేను రాసిన ప్రోగ్రాము నేను చూసుకునే మెషీను మీద ఎలా నడుస్తోందో ఆ మెషీన్నే అడుగుతుంటే, చెప్పడం కుదరదట. కొడుక్కి జ్వరమొచ్చిందని నుదుటి మీద చెయ్యి వేయబోతే, తండ్రివని రుజువేంటి అన్నట్టుంది.

ప్రాసెసర్‌లో కౌంటర్లు ఉంటాయి. తయారుచేసినవాడే పెట్టి పంపిస్తాడు. ఎన్ని సూచనలు పూర్తిచేసింది, ఎన్ని గడియారపు టిక్కులు ఊరికే నిలబడింది, పక్కనున్న చిన్న మెమరీలో సరుకు దొరక్క ఎన్నిసార్లు దూరాన ఉన్న పెద్ద మెమరీకి కబురు పెట్టింది, అడిగితే అన్నీ లెక్కపెట్టి చెబుతుంది. కాకపోతే సరాసరి దాన్ని అడగలేం. మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ అనే గుమస్తా కూర్చున్నాడు. మామూలు జనానికి ఎంతవరకు చెప్పొచ్చో ఆయన దగ్గర ఒక అంకె ఉంటుంది. అంకె చిన్నదైతే నోరు విప్పుతాడు. పెద్దదైతే బిగిస్తాడు. మా దగ్గర అది నాలుగు. నాలుగంటే పెదాలు కుట్టేసుకున్నట్టే. ఆ సెట్టింగుకి వాళ్లు పెట్టుకున్న పేరు 'పారనాయిడ్'. అనుమానం జబ్బని వాళ్లే ఒప్పేసుకున్నాక ఇక నేను తిట్టడానికేం మిగిలింది!

ఆ నాలుగు పెట్టిన మహానుభావుడు మా సెక్యూరిటీ ఆఫీసరు. అంటే నా సొంత బావమరిది.

9, మంగళవారం

మేనత్తకి మెమో ఇచ్చారు.

ఆవిడ నాకు మేనత్త కాదు, ఎవరికీ కాదు. కాల్ రూమ్‌లో అందర్నీ చనువుగా తిడుతుంది కాబట్టి ఆ పేరు. పదహారేళ్ల నుంచి అంబులెన్సు ఫోన్లు ఎత్తేది ఆవిడే. ఫోను రాగానే చిరునామా కొడుతుంది. ఏ బండి దగ్గర్లో ఉందో నా ప్రోగ్రాము లెక్కకట్టి చెబుతుంది. పాతరోజుల్లో ఆవిడ వేలు మీట మీంచి లేచేలోపే జవాబొచ్చేది. ఈమధ్య పదకొండు సెకన్లు. ఫోనులో అవతల మనిషి ఏడుస్తుంటే పదకొండు సెకన్లంటే ఎంతసేపో కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుసు.

పోయిన శుక్రవారం స్క్రీను కదలకపోతే ఆవిడకి విసుగొచ్చి, తనకున్న అంచనాతో మైకులో చెప్పి ఏడో నంబరు బండిని పంపించేసింది. సరిగ్గా అప్పుడే మెషీను మేలుకుని అదే ఇంటికి పన్నెండో నంబరుని పంపింది. ఒక ఇంటి ముందు రెండు బండ్లు. ఇంకోచోట గుండెనొప్పితో ఒకాయన ఇరవై నిమిషాలు ఎదురుచూశాడు. బతికాడు. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

మెమోలో ఏముందంటే, సిస్టమ్ చెప్పకముందే సొంత నిర్ణయం తీసుకున్నారు, విచారణకు రండి, ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పండి అని. రిటైర్ కావడానికి ఇంకో రెండేళ్లుంది ఆవిడకి.

నేను డైరెక్టరు గదికి వెళ్లాను. ఆయన గోడమీది స్క్రీను చూపించాడు.

"చూడండి మేస్త్రీ, ప్రాసెసర్ నూటికి నూరు శాతం బిజీ. ఒక్క క్షణం ఖాళీగా లేదు పాపం. మెషీను తన పని తను చేసుకుంటోంది. మనిషే ఓపిక పట్టలేదు."

నన్ను మేస్త్రీ అనే పిలుస్తారు. డిగ్రీ లేదు కదా, ఇంజనీరంటే వాళ్ల నాలుక అరిగిపోతుంది.

బిజీ అంటే పని చేస్తోందని ఎవరు చెప్పారు ఈయనకి? ఆఫీసులో ఫైలు పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డవాడు కూడా బిజీయే. డ్యూటీలోనే ఉన్నాడు, జీతమూ వస్తుంది. ఫైలు మాత్రం కదలదు. ప్రాసెసర్ కూడా అంతే. పెద్ద మెమరీ నుంచి సరుకొచ్చేదాకా నోరు తెరుచుకుని నిలబడినా ఆ స్క్రీను దాన్ని బిజీ అనే రాసుకుంటుంది. నిజంగా పనిచేసిందా, నిలబడిందా అన్నది కౌంటర్లకే తెలుసు. కౌంటర్లేమో నాకు చెప్పవు.

"ఈమధ్య మీరేమైనా మార్చారా ప్రోగ్రాములో?" అనడిగాడు వెళ్లబోతుంటే.

"మార్చిలో రెండు లైన్లు సార్" అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. రెండు లైన్ల గురించి ఎవడైనా అడుగుతాడా!

10, బుధవారం

అర్జీ పెట్టాను. కారణం: మెషీను నాడి చూడటానికి.

11, గురువారం

అర్జీ తిరిగొచ్చింది. 'కారణం సరైన భాషలో రాయండి.'

బావమరిది గదికి నేనే వెళ్లాను. ఆఫీసులో వాడు నన్ను 'సార్' అంటాడు, ఇంటికొస్తే 'బావా' అంటాడు. మధ్యలో మెట్ల మీద కలిస్తే ఏమనాలో తెలియక దగ్గుతాడు.

"సార్, ఆ అంకె తగ్గించడం కుదరదు. రూలు."

"ఏరా, లెక్కలే కదా. నేనేమైనా పాస్‌వర్డులు అడిగానా?"

"లెక్కల్లోంచే పాస్‌వర్డులు లాగుతున్నారు సార్. గోడవతల ఏం మాట్లాడుకుంటున్నారో వినక్కర్లేదు, తలుపెన్నిసార్లు తీశారు, దీపమెంతసేపు వెలిగింది, ఇవి లెక్కపెట్టుకుంటే చాలు. లోపలేం జరుగుతోందో తెలివైనవాడు కనిపెట్టేస్తాడు. మన మెషీన్లో రోగుల వివరాలున్నాయి."

"నేను తెలివైనవాణ్ణని మొదటిసారి ఒప్పుకున్నావు. సంతోషం."

"మీ గురించి కాదు సార్."

దీనికి కూడా సార్ ఒకటి.

వాడు చెప్పింది అబద్ధం కాదని నాకు తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. దొంగలొస్తారని ఇంటాయనకి కూడా తాళం ఇవ్వకపోతే అది కాపలానా, కబ్జానా? పైగా ప్రతి ఫైలునీ ముట్టుకుని పరీక్షించే స్కానర్ ఒకటి పోయిన నెల వాడే పెట్టించాడు. మెషీను మందగించింది పోయిన నెలాఖరునే. నేనేమీ అనను. ఎవరైనా ఆలోచిస్తే వాళ్లకే తెలుస్తుంది.

కొత్త కాలనీల వీధులన్నీ పట్టికలోకి ఎక్కించింది కూడా అప్పుడే. దానికీ దీనికీ సంబంధం లేదు.

13, శనివారం

మా ఆవిడ తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. నేను మాట్లాడకూడదనుకున్నాను. చేతులు కడుక్కునేలోపే మొదలెట్టాను.

"మీ తమ్ముడు నాకు సాయం చేయడు గానీ మనింట్లో అన్నం మాత్రం తింటాడు."

"ఏమండీ, వాడికి పెట్టింది నా వాటాలోది. మీ వాటా మీరు తినండి" అంది మా ఆవిడ. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఆ అంకె ఏదో ఈయనొక్కడికీ తగ్గించలేవా?"

"అంకె అందరికీ ఒకటేనక్కా."

"మరి మన వీధి చివర గేటు ఉంది కదా. అందరికీ మూసే ఉంటుంది, పాలవాడికి మాత్రం తాళం చెవి ఇచ్చారుగా?"

బావమరిది తినడం ఆపాడు. నావైపు చూశాడు.

"బావా, అలా ఒక పద్ధతుంది. అంకె నాలుగులోనే ఉంచి, కౌంటర్లు చదివే ఆ ఒక్క టూల్‌కి మాత్రం అనుమతి ఇవ్వొచ్చు. దాన్ని నువ్వొక్కడివే వాడతావు."

"ఇది మొన్న ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అంకె తగ్గించమని అడిగావు. లెక్కలు చూడాలని అడగలేదు."

వింటున్నావా! వారం రోజులు. అక్కడ మేనత్త మెమో బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది, వీడేమో ప్రశ్న సరిగ్గా అడగలేదంటాడు. నేను పలకల బడిలో చదువుకున్నాను గానీ మా పంతులు కూడా ఇంత కఠినుడు కాడు.

15, సోమవారం

తాళం చెవి వచ్చింది!

కడుపు మాడినవాడికి విస్తరేసినట్టుంది నా పరిస్థితి. ఉన్న లెక్కలన్నీ అడిగేశాను. ఇరవై నాలుగు రకాలు, ఒకే దెబ్బకి. గుమస్తా ఒక్క ముక్క ఎదురు చెప్పకుండా ఇరవై నాలుగూ ఇచ్చాడు. పేజీ నిండా అంకెలు, కళ్లకి ఎంత చల్లగా ఉందో.

నేను అనుకున్నదే. నా ప్రోగ్రాము బుద్ధిగా ఉంది. మెమరీ కోసం ఎగబడుతున్నది బావమరిది పెట్టిన స్కానరు! కాగితం తీసుకుని సరాసరి డైరెక్టరు దగ్గరికి వెళ్లాను. దారిలో మేనత్త కనపడితే కాగితం ఊపాను.

"ఏంటి మేస్త్రీ, పెళ్లికొడుకులా ఉన్నావు?"

"నీ మెమో చింపేసుకో. దొంగ దొరికాడు."

డైరెక్టరు కాగితం రెండు వైపులా చూసి, సెక్యూరిటీ ఆఫీసర్ని పిలిపిస్తానన్నాడు. పిలిపించనీ. బంధుత్వం వేరు, న్యాయం వేరు.

16, మంగళవారం

డైరెక్టరు ముందే అడిగాడు వాడు. 'సార్' అని కూడా అనలేదు.

"బావా, ప్రతి అంకె పక్కనా చివర్లో చిన్నగా ఇరవై అయిదు శాతం అని ఉంది. చూశావా?"

చూశాను. ఏదో అలంకారం అనుకున్నాను.

ప్రాసెసర్‌కి ఒకేసారి లెక్కపెట్టే చేతులు ఆరే ఉన్నాయి. ఇరవై నాలుగడిగితే కాదనకుండా గుమస్తా వంతులు వేస్తాడు. కాసేపు ఈ ఆరు, కాసేపు ఆ ఆరు. ఒక్కోదాన్నీ పావుభాగం సేపే చూసి, నాలుగుతో గుణించి మన చేతిలో పెడతాడు. బడి గేటు దగ్గర గంటలో పావుగంట నిలబడి, ఎంతమంది పిల్లలు వెళ్లారో చూసి నాలుగుతో గుణించినట్టన్నమాట. బడి వదిలిన పావుగంట వాడు టీ తాగుతుంటే ఏమైంది? ఆ బడిలో పిల్లల్లేరని రాసేస్తాడు.

గుణించాను అని గుమస్తా చెప్పాడు కూడా. చివర్లో, చిన్నగా. నేనే చదవలేదు.

డైరెక్టరు కాగితం నాకు తిరిగిచ్చేస్తూ, "పోనీలెండి మేస్త్రీ, ఆవిడ మీద అభిమానంతో చేశారు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

17, బుధవారం

ఈరోజు రాయడానికేం లేదు.

18, గురువారం

మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి నాలుగే. నాలుగు, మళ్లీ వేరే నాలుగు, ఒక్కోటీ పదిసార్లు. పక్కన నూరు శాతం ఉందో లేదో వేలుపెట్టి మరీ చూసుకున్నాను.

స్కానరు తప్పేమీ లేదు. ఈ మాట వాడికి చెప్పాలి. రేపు చెబుతాను.

ఆ పదకొండు సెకన్లలో ప్రాసెసర్ పనిచేసింది ఒక సెకను కూడా లేదు. మిగతాదంతా నిలబడి ఉంది, పెద్ద మెమరీ కోసం. ఇంతవరకు బాగానే ఉంది, నేను చెప్పినట్టే మెషీనే నెమ్మది, మేనత్తది తప్పు కాదు. ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ టూల్‌తో ఇంకోటి కూడా అడగొచ్చు: ఎక్కువసార్లు నిలబడింది ఏ లైను దగ్గర అని.

అడిగాను.

టీ తాగొచ్చి మళ్లీ అడిగాను.

రెండు లైన్లు.

మార్చిలో, పాత ప్రోగ్రాము చూడ్డానికి తీరుగా ఉండాలని వరస మార్చిన రెండు లైన్లు. అవసరమేమీ లేదు. కంటికి ఇంపుగా ఉంటుందని. వీధుల పట్టిక ఒక లావుపాటి పుస్తకం అనుకుంటే, పాత ప్రోగ్రాము మొదటి పేజీ మొత్తం చదివి, రెండో పేజీ మొత్తం చదివి అలా వెళ్లేది. నేను మార్చాక ప్రతి పేజీలో మొదటి లైను మాత్రం చదువుతూ చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ప్రతి పేజీలో రెండో లైను చదువుతోంది. పుస్తకం చిన్నగా ఉన్నన్నాళ్లు పక్కనున్న చిన్న మెమరీలో మొత్తం పట్టేసింది, ఎవరికీ తెలియలేదు. పోయిన నెల కొత్త కాలనీలొచ్చి పుస్తకం మూడింతలైంది. అప్పట్నుంచి పాపం పేజీలు తిప్పుతూనే ఉంది. నూటికి నూరు బిజీ.

ప్రాసెసర్ తయారుచేసినవాళ్లు ఆ చిన్న మెమరీ ఇంకాస్త పెద్దది పెట్టొచ్చుగా? ఎంతసేపూ వేగం వేగమని అమ్ముకోవడమే.

19, శుక్రవారం

వరస తిరిగి పాతలా పెట్టేశాను. సెకను లోపే జవాబు. ప్రాణాలతో పని, ఆలస్యం చేయకూడదు కదా. అందుకే వెంటనే చేశాను. ఇంకే కారణమూ లేదు.

మార్పు రిజిస్టర్లో కారణం రాయాలి. 'చిన్న సవరణ' అని రాశాను. డైరెక్టరు చదవకుండా సంతకం పెట్టాడు. ఏది పెట్టినా చదవకుండా సంతకాలు పెడితే సంస్థలు ఇలాగే తగలబడతాయి.

విచారణలో ఎలాగూ మెషీను నెమ్మదని చెబుతాను. ఏ లైనన్నది వాళ్లకెందుకు?

22, సోమవారం

ఎంత పని చేశాను.

విచారణ కమిటీ మొదటి రోజు. ముగ్గురు పెద్దమనుషులొచ్చారు. మేనత్త చెప్పింది: "పదకొండు సెకన్లు స్క్రీను కదల్లేదండీ." డైరెక్టరు కమిటీని కాల్ రూమ్‌కి తీసుకొచ్చి ఆవిడ కుర్చీలోనే కూర్చున్నాడు. చిరునామా కొట్టాడు. సెకను లోపే జవాబు. ఇంకోటి కొట్టాడు. పదిసార్లు కొట్టాడు.

"పదకొండు సెకన్లు ఎక్కడున్నాయమ్మా?"

మేనత్త స్క్రీను వంక చూసింది. తర్వాత నా వంక. నేను నా చెప్పుల వంక.

కమిటీలో ఒకాయన 'తప్పుడు వాంగ్మూలం' అని పక్కాయన చెవిలో అన్నాడు. అందరికీ వినపడేటంత మెల్లగా.

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరిచాను కూడా. "టీ చెప్పమంటారా సార్" అని వచ్చింది.

ఒక్కసారి అడిగుంటే! రెండు బండ్లు వెళ్లిన ఆ శుక్రవారం మెషీనూ ఇవాళ్టి మెషీనూ ఒకటేనా అని ఆ ముగ్గురిలో ఒక్కడికైనా అడగాలనిపించలేదే! మనిషిని అనుమానించడానికి వీళ్లకి ఏ అంకే అడ్డం రాదు.

23, మంగళవారం

పొద్దున్నే బావమరిది ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, చిన్న సవరణ అంటే ఎంత చిన్నది?"

రిజిస్టరు చదివేవాడు ఆ భవనంలో ఒక్కడున్నాడు, వాడు మా ఇంటివాడే కావాలా.

చెప్పాను. పుస్తకం, పేజీలు, అన్నీ. స్కానరు సంగతి కూడా. క్షమించమని అడగడం ఎలాగో తెలియక "కాఫీ తాగుతావా" అన్నాను. వాడు కూర్చున్నాడు.

"నేనైతే ఎవరికీ చెప్పను బావా. నన్నెవరూ అడగలేదు."

"అడిగితే?"

"అడిగితే చెబుతాను. అడిగినదానికి జవాబు చెప్పడమే నా పని."

మా ఆవిడ గ్లాసులు పెడుతూ, "మీ ప్రోగ్రాము ఆగిపోయినప్పుడల్లా మేనత్తగారు ఫోన్ చేసేది" అంది. "ఏమమ్మా, మీ ఆయన తిన్నాడా, తిన్నాకే చెప్పు, అప్పటిదాకా నేను చేత్తో లాక్కొస్తాను అనేది. మీకు తెలుసా ఆ సంగతి?"

తెలియదు. పదహారేళ్లు నా ప్రోగ్రాము ఎప్పుడూ భోజనాల వేళ ఆగలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

"చేత్తో లాక్కురావడమంటే?" అన్నాడు బావమరిది.

"అదే, మైకులో చెప్పి బండ్లు పంపడం" అంది మా ఆవిడ. "ఇప్పుడు దానికే మెమో ఇచ్చారుగా."

ఎవరూ కాఫీ ముట్టుకోలేదు. డైరెక్టరు మీద తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరికింది గానీ రుచించలేదు.

24, బుధవారం

కమిటీ గది బయట బెంచీ. చేతిలో రెండు కాగితాలు. ఒకటి సవరణకి ముందు లెక్కలు, ఒకటి తర్వాతవి. కింద ఆ రెండు లైన్లు, తారీఖుతో, నా పేరుతో. మార్పు రిజిస్టరు బావమరిది స్వయంగా మోసుకొచ్చి లోపల బల్ల మీద పెట్టి వెళ్లాడు. అర్జీ కూడా అడగలేదు.

మేనత్త ముందే వచ్చి కూర్చుంది. ఇస్త్రీ చీర, బ్యాగులో మెమో.

"మొన్న టీ అడిగావు. ఇవాళేం అడుగుతావు, బిస్కట్లా?"

ఆవిడకే ముందు చెప్పాలనిపించింది. చెప్పాను. ఆపకుండా విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే అలవాటే.

"పదిహేను రోజులు మేస్త్రీ" అంది. "నాకే నా మీద అనుమానమొచ్చింది. నిజంగా పదకొండు సెకన్లేనా, నాకే ఓపిక తగ్గిందా, ముసలిదాన్నయిపోయానా అని. ఇంట్లో గడియారం పెట్టుకుని పదకొండు లెక్కపెట్టి చూసుకున్నాను తెలుసా, ఎంతసేపుంటుందో."

మొదటి కాగితం తిప్పి, పదకొండు ఉన్న చోట వేలు పెట్టి చూపించాను.

"నీ ఉద్యోగం?" అనడిగింది.

"పోతే పోతుంది."

"పోవాలి. కొన్నాళ్లయినా పోవాలి. నేను బాధపడను, ముందే చెప్తున్నా." లేచి చీర సర్దుకుంది. "ఆ పుస్తకం పేజీల సంగతి లోపల కూడా చెప్పు. అది నాకే అర్థమైందంటే వాళ్లకీ అర్థమవుతుంది. అంకెలతో మొదలెట్టకు, నిద్రపోతారు."

ఆవిణ్ణి పిలిచారు. వెళ్లింది. తలుపు వెనక నుంచి ఆవిడ గొంతు వినపడుతోంది. ఫోనులో మాట్లాడే గొంతే, తడబాటు లేదు.

తర్వాత నేనే. కోపం మాత్రం తగ్గలేదు. నాలుగుని చూసి కోపం, వంద శాతాన్ని చూసి కోపం, నా మీద దానికి మించిన కోపం. వరసలో ఏది ముందు చెప్పాలో తేల్చుకోవాలి. నాదే ముందు. ఇలా మొదలెడతాను: అయ్యా, మీరు సోమవారం చూసిన మెషీను ఆ రోజుటి మెషీను కాదు. మధ్యలో దాన్ని చెప్పకుండా బాగుచేసిందీ, అంతకుముందు చెప్పకుండా పాడుచేసిందీ ఒక్కడే, ఆ ఒక్కడూ మీ ముందు టీ చెప్పమంటారా అన్న

వస్తున్నానయ్యా, బెంచీ ఎత్తుకుపోతానా ఏంటి, ఈ ఒక్క వాక్యం పూర్తి చే